రెండో సైరన్

కంప్యూటర్‌లోని పాత క్వెరీలను కొత్త వెర్షన్‌లోకి మార్చే పని మీద సాయి కిరణ్ కాలవ ఆఫీసుకు వచ్చాడు.

నీళ్లు వదలడానికి గంట ముందు ఎవరెవరికి మెసేజ్ వెళ్లాలో తేల్చేది ఆ క్వెరీలే.

ఒకదాని చివర 'రెండో సైరన్' అని, పక్కన ఒక నంబరు ఉంది. కొత్త వెర్షన్ ఆ వరుస దగ్గర ఆగిపోయింది.

స్టోర్సులో అడిగాడు.

"మనకున్నది ఒకటే సైరన్. లాకుల దగ్గర," అన్నారు.

వరుస తీసేశాడు. క్వెరీ నడిచింది. స్టాఫందరికీ టెస్ట్ మెసేజ్ వెళ్లింది.

మధ్యాహ్నం ఒక ముసలాయన మోపెడ్ దిగి లోపలికొచ్చాడు.

"అందరికీ మెసేజ్ వచ్చిందంట. నాకు రాలా. ఏంది సంగతి?"

"మీరు స్టాఫా?"

"కాదు."

"ఆయకట్టు రైతా?"

"సెంటు భూమి లేదు."

"మరి నీళ్ల కబురు మీకెందుకు?"

"దిగువన ఎండిన కాలవలో గొర్రెలోళ్లు దిగుంటారు."

"దానికి సైరన్ ఉంది పెద్దాయనా."

"అది ఏడదాకా వినపడుద్దో ఎప్పుడన్నా నడిచి చూశావా?"

"స్టాఫ్ కానివాళ్లకి మెసేజ్ పోదు. కొత్త వెర్షన్."

"వెర్షన్ మారితే నీళ్లు నిదానంగా వస్తయ్యా అబ్బాయ్?"

సాయి కిరణ్ వాచ్‌మన్‌ను పిలిచాడు. అతనొచ్చి ముసలాయన భుజం మీద చెయ్యేశాడు.

"చెయ్యి తియ్యి. నేనే పోతా. లాకుల మీద కూర్చుంటా. నీళ్లే చెబుతయ్ నాకు."

అన్నట్టే కూర్చున్నాడు. వాచ్‌మన్ వెళ్లి లేవమంటే, "లాకులు మీ తాత కట్టాడా?" అన్నాడు.

మర్నాడు మెసేజ్‌లు వెళ్లాయి. గంట తర్వాత సైరన్ మోగింది. షట్టర్లు లేచాయి. మోపెడ్ గట్టు మీద దిగువకు పరుగెత్తింది.

"పీడా పోయింది," అన్నాడు వాచ్‌మన్.

సాయంత్రం దిగువ ఊరి సర్పంచ్ చెన్నకేశవులు ఫోన్ చేశాడు.

"గొర్రెలోళ్లు కాలవలోనే వంట పెట్టుకున్నారు సార్. మా యల్లమంద అందర్నీ గట్టెక్కించాడు."

"మోపెడ్ ఆయనా?"

"ఆయనే. ఎప్పుడూ నీళ్లకన్నా చానా ముందొచ్చేవాడు. ఈసారి నీళ్లతో పాటొచ్చాడు. ఆఖర్న ఒక ముసలమ్మ కోసం మళ్లీ దిగాడు. ఆమె ఎక్కింది."

"ఆయన?"

"వెతుకుతున్నాం. బండి గట్టు మీదే ఉంది."

"సైరన్ వినపడలేదా అక్కడ?"

"ఇక్కడికి ఏ సైరన్ వినపడుద్ది సార్?"

సాయి కిరణ్ పాత క్వెరీ తెరిచాడు. 'రెండో సైరన్' పక్కనున్న నంబరుకు టేబుల్ మీది ఫోన్ నుంచి కొట్టాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు చెన్నకేశవులు, "యల్లమంద బండి సంచిలో ఫోన్ మోగుతోంది."