చేత్తో గీసిన వృత్తం

“తియ్యరా సున్నా! ఆ ముక్కలన్నీ నా కళ్ల ముందే తియ్యి!”

స్టూడియో తలుపు తోసుకుని వచ్చిన లెక్కల టీచరు గారి కూతురు చెప్పులైనా విప్పలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో ఎడిట్ చేస్తున్న సున్నా, హెడ్‌ఫోన్లు మెడ మీదకి జార్చుకుని గబుక్కున లేచి నిలబడ్డాడు. వాడికా పేరు ఊరికే రాలేదు. ఎనిమిదో తరగతి లెక్కల్లో ఏడాది పొడుగునా అవే తెచ్చుకున్నాడు. పెద్దవాడై సొంతంగా స్టూడియో పెట్టుకున్నా ఆ పేరు మాత్రం వాణ్ని వదల్లేదు.

“ఏమైందక్కా, బాగాలేదా?”

“బాగుండటమా! మా అమ్మ రిటైర్మెంట్ వీడియో తియ్యమంటే ఇదేంట్రా, అద్దం పగలగొట్టి జల్లినట్టు?”

తెర మీద అదే వీడియో ఆగి ఉంది. ముదురు నీలం చీరలో టీచరు గారి వీపు, ఎదురుగా నల్లబల్ల. ఎత్తిన చెయ్యి మోచేతి వరకే కనిపిస్తోంది. అక్కణ్నుంచి అంతా త్రిభుజాలూ, షడ్భుజాలూనూ. రంగురంగుల ముక్కలు నాలుగు మూలల నుంచీ ఎగిరొచ్చి నల్లబల్ల మధ్యలో గుండ్రంగా అమరినట్టు ఆగి ఉన్నాయి.

“ప్లగిన్ అక్కా. కొత్తగా కొన్నాను. మామూలు వీడియోని ఇలా ఆకారాల కింద మార్చేస్తుంది. లెక్కల టీచర్ కదా, జామెట్రీ అయితే అందంగా ఉంటుందని...”

“నీ మొహంలా ఉంది అందం!”

కూతురికి ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? ఉద్యోగంలో చేరింది మొదలు అమ్మ నల్లబల్ల మీద కంపాస్ పెట్టి ఎరగదు. సుద్దముక్క ఆనించి భుజం ఒక్కసారి తిప్పితే చాలు, వృత్తం వచ్చి కూర్చునేది. కొలిచి చూసినా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. పక్క క్లాసు పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్లు. చిన్నప్పుడు ఎవరితో పోట్లాడినా ఈవిడ ఆఖరి మాట ఒకటే: “మీ అమ్మకి వచ్చా అలా గియ్యడం?” మొన్నటి వీడ్కోలు సభలో కూడా పిల్లలు పట్టుబట్టింది దానికే. “ఒక్క వృత్తం టీచర్, ప్లీజ్ టీచర్!” అని గొడవ గొడవ చేశారు.

సరిగ్గా అప్పుడే టీ తెచ్చేవాడు దారి తెలీడం లేదంటూ ఫోన్ చేశాడు. ఈవిడ గేటు దాకా వెళ్లి వచ్చేసరికి హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. అమ్మ నల్లబల్ల తుడిచేసి చేతులు దులుపుకుంటోంది. ఎలా గీసిందని అడిగితే “మీ అమ్మగారి సంగతి వేరే చెప్పాలా!” అన్నారొకరు. “టీచర్ టీచరే” అన్నారింకొకరు. పోనీలే, వీడియోలో చూసుకోవచ్చని సరిపెట్టుకుంది. తీరా చూస్తే ఇదీ వరస!

“అమ్మ చేత్తో గీసినదాని మీద కంప్యూటర్ బొమ్మ అతికిస్తావా? ఎంత పొగరురా నీకు! సున్నాలు వేసిందని ఇన్నాళ్లకి కక్ష తీర్చుకుంటున్నావా?”

వాడి మొహం మాడిపోయింది. “అంత మాటనకక్కా.”

“అననా? సుద్దముక్క చప్పుడు కూడా వినపడకుండా చేశావు. ఆ పాట ఎవడు పెట్టమన్నాడు?”

“చప్పుడు గోలగా వచ్చిందని...”

“గోలా! అమ్మ గీస్తుంటే సూది పడినా వినపడేదిరా క్లాసులో!”

“టీచర్ చూశారా అక్కా? ఏమన్నారు?”

అసలు ఈవిడ మంటకి సగం కారణం అదే. నిన్న ఇంట్లో టీవీలో పెడితే, అమ్మ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా చూసింది. “బానే చేశాడే. వాణ్నేం అనకు” అని ఊరుకుంది. ఈమధ్య అన్నిటికీ ఇలాగే సర్దుకుపోతోంది. ఆఖరి ఏడాదంతా ప్రొజెక్టర్ మీద బొమ్మలు వేసి పాఠాలు చెప్పింది. అదేంటమ్మా అంటే “కాలంతో పాటు మారాలే” అంది. అది కొత్త హెడ్మాస్టర్ పెత్తనమే అయి ఉంటుందని కూతురు ఆయన్ని కూడా ఉతికి ఆరేసింది.

“ఆవిడకి నువ్వేం చేసినా ముద్దే. నేనూరుకోను. సోమవారం స్కూల్లో పిల్లలందరికీ ఈ వీడియో వేస్తున్నారు. నా కూతురూ అక్కడే చదువుతోంది. అది చూడాల్సింది వాళ్లమ్మమ్మ గీతని, నీ గాజుపెంకుల్ని కాదు. తియ్యి!”

“తీస్తే బాగోదక్కా.”

“ఎందుకు బాగోదు?”

వాడు నీళ్లు నమిలాడు. “లైటింగ్... సరిగ్గా రాలేదు.”

“మిగతా సభంతా శుభ్రంగా కనిపిస్తోందే!”

“ఫోకస్ కూడా...”

“అలా చెప్పు! తియ్యడం చేతకాక, నీ తప్పు కప్పిపుచ్చుకోడానికి ముక్కలు జల్లావన్నమాట!”

“అవునక్కా.” వాడు తల దించుకున్నాడు. “తప్పు నాదే. ఎంతైనా తిట్టు. దాన్ని మాత్రం అలాగే ఉండనీ.”

తప్పు ఒప్పుకుని కూడా ఈ మొండితనమేమిటో! ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. “లే అవతలికి” అని కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర అడుగున వరసగా పొరలున్నాయి. సభ వీడియో ఒకటి, పాట ఒకటి, అన్నిటికన్నా పైన ‘ఆకారాలు’ అని రాసి ఉన్నది ఒకటి. ప్రతిదాని పక్కనా చిన్న కన్ను గుర్తు. దాన్ని నొక్కితే ఆ పొర మాయమవుతుందని కనిపెట్టడానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

“వద్దక్కా. నీకు దణ్ణం పెడతాను.”

ఆవిడ నొక్కింది. త్రిభుజాలూ షడ్భుజాలూ ఒక్కసారిగా పోయాయి. పాట కూడా కట్టేసి వీడియో నడిపించింది. అమ్మ వీపు అడ్డంగా ఉంది. సుద్దముక్క బల్లని తాకిన చప్పుడు వినపడింది. నీలం చీర భుజం పైకి లేచి, చుట్టూ తిరిగి కిందకి వచ్చింది. హాల్లో ఎవరూ కిమ్మనలేదు. కూతురు కుర్చీలో ముందుకి జరిగి, చూడరా అన్నట్టు వాడి వైపు గర్వంగా ఓ చూపు విసిరి, మళ్లీ తెర వైపు తిరిగింది. అమ్మ నల్లబల్ల ముందు నుంచి పక్కకి తప్పుకుంది.

గీత రెండు కొసలూ కలవలేదు.