స్కాన్ రాయని డాక్టర్

"సారూ, మా అక్క కడుపునొప్పికి మెలికలు తిరుగుతాంది. జర జల్ది చూడుండ్రి!"

లచ్చి కేకకు డాక్టర్ గణపతి అన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కొని వచ్చాడు. ఆటోలోంచి ఆమె అక్క తారిని మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. పొద్దున మిరప చేలో కూలబడిందట. ఆమె భర్త జాల్యా కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో కట్టడాల పనిలో ఉన్నాడు. ఎప్పుడో ఒకసారి ఇంటికి వస్తాడు.

మహబూబాబాద్‌లో గణపతికి స్కాన్ రాయని డాక్టర్ అని పేరు. తోటి డాక్టర్లు ఆ మాట వెటకారంగా అంటారు. జనం మాత్రం చేతులెత్తి దండం పెడుతూ అంటారు. కొత్త దవాఖానకు పోతే పాత కాగితాలు పక్కన పడేసి, పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేయించడం ఆయనకు ఒళ్లుమంట. అందుకే జనగామ, భూపాలపల్లిలోని మిత్రులతో కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఆరోగ్య కార్డు నంబరు కొడితే చాలు, ముగ్గురిలో ఎవరు ఏ వైద్యం చేసినా మిగతా ఇద్దరికీ కనిపిస్తుంది. దాని పుణ్యమా అని ఎందరో పరీక్షల ఖర్చుకు మేకలు అమ్ముకోకుండానే ఇల్లు చేరారు.

నర్సు అనిత తారి పొట్ట కుడివైపు నొక్కి చూసింది.

"ఇరవై నాలుగు గంటల నొప్పి, అదే అపెండిక్స్ లెక్కుంది సార్. స్కాన్ తీపిద్దామా?"

గణపతి కార్డు నంబరు కొట్టాడు.

"జనగామల రెండేళ్ల కిందనే అపెండిక్స్ తీసేసిన్రు. తీసేసిన దాంట్ల నొప్పి ఎట్లొస్తది? పాపం, వీళ్లకెందుకు ఆ ఖర్చు?"

అయినా ఆయన జాగ్రత్త మనిషి. తారి మీదికి వంగాడు.

"ఏమ్మా, జనగామల నీకు ఆపరేషన్ అయింది గదా?"

లచ్చి ఏదో చెప్పబోయింది. తారి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొని, తండా భాషలో రెండు ముక్కలు అంది.

"ఏమంటున్నది?"

"పిల్లలు పైలమంటాంది సారూ," అంది లచ్చి కళ్లు తుడుచుకుంటూ.

"అయింది సారూ," తారి పంటి బిగువున చెప్పింది. "ఆపరేషన్ అయింది."

బొడ్డు కింద పాత గాటు చూసి, అదే అనుకొని గణపతి తల ఊపాడు. గ్యాస్‌కు ఇంజక్షన్ ఇచ్చి సెలైన్ పెట్టించాడు. సాయంత్రానికి నొప్పి తగ్గినట్టే అనిపించింది. తారి చెల్లెలివైపు చూసి నవ్వింది కూడా.

మర్నాడు ఆమె ఒళ్లు కాలిపోయింది. కడుపు చెక్కలా బిగుసుకుంది. గణపతి అంబులెన్స్ పిలిపించి వరంగల్ పంపాడు. ఉండబట్టలేక తానూ వెనకే వెళ్లాడు.

అక్కడ కడుపు కోసిన డాక్టర్లు చెప్పింది విని ఆయన నమ్మలేకపోయాడు. అపెండిక్స్ పగిలి, చీము కడుపంతా పాకిందట. ఎంత చేసినా తారి దక్కలేదు.

గణపతి జనగామ మిత్రుడికి ఫోన్ చేశాడు.

"నిజం చెప్పు. తారికి ఆపరేషన్ చేసి అపెండిక్స్ తీసినవా, తియ్యలేదా?"

"నా చేతులతోని తీసిన గణపతీ. నా మీదనే అనుమానమా?"

రైలు దిగి పరుగెత్తుకొచ్చిన జాల్యా భార్య మీద పడి ఏడుస్తున్నాడు. ఆ మాటలు విని తలెత్తాడు.

"ఏం ఆపరేషన్ సారూ? పిల్లలు కాకుండ చేయించింది తప్పితే, నా తారికి ఏ ఆపరేషన్ కాలే."

గోడవారన కూలబడ్డ లచ్చి నోట్లో కుక్కుకున్న కొంగు తీసింది.

"చెప్తే కార్డు పోతదని నా నోరు మూయించింది. నా పేరు ఏ కార్డుల లేకపోతే, తన కార్డిచ్చి, తన పేరు మీద ఆ ఆపరేషన్ నాకు చేయించింది సారూ, మా అక్క."