రాతి మీది తాబేలు

“అవి కాళ్లా, కొంగ కాళ్లా? వాటితో ఈ కొండెక్కుతావా?” అంది మర్టిల్, చేతికర్రతో కెల్విన్ పిక్క మీద తడుతూ.

“కొంగయితే ఈపాటికి ఎగిరిపోయేదాంటీ. మీ కోసమే ఇలా పాకుతున్నాను,” అన్నాడు కెల్విన్.

ముసలావిడ కర్ర మీద వాలిపోయి మరీ నవ్వింది.

ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరంలో, ఆసుపత్రిలో పనిచేసే రెనీ, పెళ్లాడదలచిన అతన్ని వెంటబెట్టుకుని తన ఆదివాసి పల్లెకు వచ్చి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ ఆమె తల్లి మర్టిలూ అతనూ ఇలాగే కయ్యాలాడుకున్నారు. అతని బూట్లను, గడ్డాన్ని, బండి తోలే తీరును దేన్నీ మర్టిల్ వదల్లేదు. భోజనానికి మాత్రం పక్కనే కూర్చోబెట్టుకుని, కాల్చిన చేప తలకాయ అతనికే వడ్డించేది. కెల్విన్‌కూ నోరు తక్కువేమీ కాదు. ఆవిడ ఒకటంటే తాను రెండనేవాడు. పెద్దావిడ మనసు గెలిచేశాననే అతని నమ్మకం.

పెళ్లి మాట ఎత్తితే మాత్రం ఆవిడది ఒకటే జవాబు.

“నీ వాళ్లెవరో తెలియదు. ఏ వరసో తేలకుండా పిల్లనెలా ఇస్తాను? దానికి అన్న వరసవుతావేమో!”

చిక్కంతా అక్కడే ఉంది. కెల్విన్ తల్లిని నాలుగేళ్ల పిల్లప్పుడే, ఆదివాసి పిల్లల్ని తెల్లవాళ్లలా పెంచాలని సర్కారువాళ్లు ఎత్తుకుపోయి, ఎక్కడో దక్షిణాన అడిలైడ్‌లో పెంచారు. ఆమె ఏ నేలదో, ఏ వంశందో చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇక్కడేమో వరస తేలనివాడికి పెళ్లి లేదు.

“అయితే రాయినే అడుగుదాం,” అంది చివరికి మర్టిల్. రెనీని కింద వాగు దగ్గరే టీ కాచమని దింపేసింది. “నువ్వొస్తే వీడు నీ మొహమే చూస్తాడు. రాతిని చూడడు.”

చూరులా ముందుకు పొడుచుకొచ్చిన కొండరాయి కనబడగానే మర్టిల్ ఆగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, అక్కడుండే పూర్వీకుల ఆత్మలకు వినబడేలా కేకేసింది.

“వచ్చాం! నేనే, మర్టిల్‌ని! వెంట ఒక పిల్లాణ్ణి తెచ్చాను. ఎవరి బిడ్డో నాకూ తెలియదు. తెలియక ఏదైనా తప్పు చేస్తే కోప్పడకండి!”

తర్వాత తన చంకలోని చెమట తుడిచి, అతని నుదుటికీ చేతులకూ బాగా రాసింది.

“ఆంటీ, కాస్త సబ్బు రుద్దుకుని రావలసింది!”

“నోర్మూసుకో. వాళ్లకు తెలిసిన వాసన ఇదే. ఇది లేకపోతే నిన్ను మెడపట్టి గెంటుతారు.”

చూరు కింద చల్లగా ఉంది. గోడంతా ఎర్రమట్టి, తెల్లమట్టి బొమ్మలు. లోపలి ముళ్లు కనిపించే చేపలు, కంగారూలు, అరచేయి ఆనించి చుట్టూ రంగు ఊదిన గుర్తులు. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ, దాని మీద ఇంకొకటి. మర్టిల్ వేలు చూపకుండా, పెదవులు ముందుకు సాచి ఒక్కొక్కటీ చూపింది. ఇది మా మేనమామలది. అది వానలది. దాని జోలికి పోకు, మొహం తిప్పుకో. కెల్విన్ తిప్పుకున్నాడు.

అలా తిప్పుకున్నప్పుడే, గోడ కొసన, నేలకు కాస్త పైన అతనికది కనబడింది. పొడుగు మెడ తాబేలు. అతను గొంతుక్కూర్చున్నాడు. డిప్ప మీది గీతలు మెడ దగ్గర మొదలై, గాలికి వంగిన గడ్డిలా ఒకే పక్కకు వాలి ఉన్నాయి.

“ఇది మా అమ్మ గీసేది,” అన్నాడు. “రొట్టెలు చేసేటప్పుడు, బల్ల మీద పిండిలో వేలితో. గీతలు ఇలాగే వాలాలి, లేకపోతే చెరిపేసి మళ్లీ గీసేది. తాబేలు మనవాళ్లు, తినకూడదు అనేది. వాళ్లమ్మ ఇసుకలో గీసి చూపించేదట. అమ్మకు గుర్తున్నది ఆ కాస్తే.”

మర్టిల్ కర్ర ఆనించుకుని తాబేలు మీదికి వంగింది.

“మీ అమ్మమ్మా? ఆవిడకెవరు నేర్పారు?”

“వాళ్ల నాన్నేనట. అదీ అమ్మ చెప్పిందే.”

ఆవిడ తాబేలు వంక చూసింది. పెదవులు కదిలాయి. వేళ్లు మణికట్టునూ మోచేతినీ భుజాన్నీ ఒక్కొక్కటిగా తాకుతూ చుట్టరికం లెక్క కట్టాయి. లెక్క ముగియగానే మెడలోని గుడ్డ లాగి మొహానికి కప్పుకుని, అటు తిరిగిపోయింది.

“మావాళ్లెవరో తెలిసిందా ఆంటీ? ఎవరు?”

ఆవిడ కర్ర అందుకుని చూరు కిందనుంచి బయటికి నడిచింది.

“ఒక్క మాట చెప్పండి!”

ఆవిడ దిగిపోతోంది, వచ్చిన దారిన కాదు, పొదల్లోంచి. కెల్విన్ పరుగున దగ్గరికి వెళ్లేసరికి ఒక బండ చాటున చతికిలబడి, అతను దాటిపోయేదాకా వీపు తిప్పుకునే కూర్చుంది. కొంగా, గాడిదా అని నోరారా తిట్టిన మనిషి!

వాగు దగ్గర కూడా అంతే. కాసేపటికి దిగొచ్చి, బండికి అవతలి పక్కన అటు తిరిగి కూర్చుంది.

“ఆయన్ని బండి నెమ్మదిగా తోలమను,” అని కూతురితో చెప్పడం మాత్రం వినబడింది.

‘ఆయన’ అట! కెల్విన్ బండికి ఇవతలే కూలబడ్డాడు. రెనీ ఇచ్చిన టీ అందుకోలేదు.

“అయిపోయింది రెనీ. నావాళ్లెవరో తేలింది, వరసే కుదరలేదు. నీకు అన్ననయ్యుంటాను. మీ అమ్మ నా మొహమే చూడటం లేదు.” అంతలోనే నడుం బిగించి లేచాడు. “అయినా నేను పోయేవాణ్ణి కాదు. లెక్క ఎక్కడ తప్పిందో ఆవిణ్ణే అడుగుతాను. కాళ్లు పట్టుకునైనా అడుగుతాను.”

రెనీ చటుక్కున అతని చొక్కా పట్టుకుంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

“అమ్మ దగ్గరికి పోకు. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ పోకు.”

“ఎందుకు? అంత పాపం ఏం చేశాను?”

“మాలో అత్త అల్లుడితో మాట్లాడదు.”