సీసా మెడలో చీటీ

“తాతగారూ, మీ నూతికీ మరుగుదొడ్డి గోతికీ ఎంత దూరం?” అడిగింది భవిత.

“దూరమే,” అన్నాడు అప్పలస్వామి, తల ఎత్తకుండా.

దూరం కాదు. గొయ్యి నూతి పక్కనే, పేర్చిన కట్టెల కింద ఉంది.

లోకో షెడ్డు వెనక ఆ తెలుగు గల్లీలో పిల్లలకి వరసగా కామెర్లు వచ్చాయి. గల్లీ అంతటికీ తాగే నీళ్ళు రెండే చోట్ల: అప్పలస్వామి నుయ్యి, ఎదురింటి అచ్చియమ్మ బోరింగు. తప్పు ఏ నీళ్ళదో తేల్చడానికి ఊరి చివర కోనిలో ఉన్న యూనివర్సిటీ నుంచి, నీళ్ళు పరీక్ష చేసే భవిత వచ్చింది. రెండు చోట్లా తనే సీసాలు నింపి, వాటి మెడకి పేర్ల చీటీలు దారంతో కట్టి, ఐసు డబ్బాలో పెట్టింది.

“ఏ నీళ్ళు చెడ్డవైతే దానికి తాళం వేస్తారు. అచ్ఛా, పిల్లల్ని ఒకసారి చూసొస్తాను,” అని డబ్బా అతని అరుగు మీదే వదిలి వెళ్ళింది.

అప్పలస్వామి గల్లీలోకి తొంగి చూశాడు. ఎవరూ లేరు. చీటీలు రెండూ విప్పి, దీనిది దానికీ దానిది దీనికీ కట్టేశాడు.

డబ్బా మూత పెట్టాడో లేదో, అచ్చియమ్మ గిన్నెతో వచ్చింది. ఆ బోరింగు నీళ్ళతో ఇడ్లీలు వేసి, స్టేషను దగ్గర అమ్ముకు బతికే మనిషి.

“ఏటన్నయ్యా, అలాగ సెమట్లు పట్టీసేయి? రెండిడ్లీలు తిను.”

“ఆకలి నేదు.”

“నీకు మాటా కరువే, ఆకలీ కరువే,” అని గిన్నె చేతిలో పెట్టి పోయింది.

ఇడ్లీ ముక్క తుంచి, గిన్నె పక్కన పెట్టేశాడు. బోరింగుకి తాళం పడిన రోజు ఆమె మొహం ఎలా చూడాలి? ఆ సాయంత్రమే బస్సెక్కి బెల్తరాలో కూతురింటికి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత తిరిగొచ్చేసరికి గల్లీ అంతా అతని నూతి దగ్గరే ఉంది. నూతి మీద చెక్కలు, చెక్కల మీద తాళం.

“సారీ తాతగారూ, మురుగు మీ నూతిలోనే కలిసింది,” అంది భవిత. “అచ్చియమ్మగారి బోరింగు బాగుంది. అందరూ ఆ నీళ్ళే తాగండి.”

అప్పలస్వామి తను మార్చిన చీటీలు గుర్తు చేసుకున్నాడు. నుయ్యి అని రాసిన చీటీ ఉన్నది బోరింగు సీసాకి. అంటే మురుగు ఉన్నది బోరింగులోనే!

“దిగులు పడకన్నయ్యా. నా బోరింగు నీది కాదేటి?” అంటూ అచ్చియమ్మ నీళ్ళు కొట్టింది. అదే గల్లీలో ఉండే గిరిబాబు కూతురు గ్లాసు పట్టింది. కామెర్లు తగ్గి మొన్ననే ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్ల. గ్లాసు నోటి దాకా వెళ్ళింది.

అప్పలస్వామి ఒక్క ఊపున వెళ్ళి గ్లాసు విసిరికొట్టాడు.

“ముసిలోడా! నీ నూతికి తాళం పడిందని పిల్ల మీదా నీ ఏడుపు?” గిరిబాబు మీదికొచ్చాడు.

“అది తాగొద్దు! మురుగు దాన్లో ఉంది. సీసాల సీటీలు నాను మార్సీసేను. ఆ గొయ్యి... ఆ కట్టెల కిందే ఉంది. నా నూతికి తాళం పడద్దని... సీటీలు మార్సీసేను.”

అచ్చియమ్మ బోరింగు పిడి వదిలేసింది.

“నా బోరింగు మూయించీడానికా? నా సేతి ఇడ్లీ తింటూనే?”

అతను ఆమె వైపు చూడలేకపోయాడు.

భవిత చేతిలో కాగితం మెల్లగా మడిచింది.

“ఆ సీసాలు మేం పరీక్షే చెయ్యలేదు తాతగారూ. దారిలో వ్యాపార్ విహార్ బజారు దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయి, ఐసు కరిగి పాడైతే పారబోశాను. మీరు ఊళ్ళో లేనప్పుడు నేనే వచ్చి రెండు చోట్లా మళ్ళీ నీళ్ళు పట్టుకెళ్ళాను.”