మిట్టమధ్యాహ్నపు ఫోటోలు

ఉగాది ఫోటో పోటీలో మొదటి బహుమతి ఈసారి కూడా డాక్టర్ యోగానంద్‌కే వచ్చింది. రెండోది ఈసారి కూడా గౌరీశంకర్‌కే.

చప్పట్లు కొడుతూనే గౌరీశంకర్ లోపల ఉడికిపోయాడు. మొదటి బహుమతి అందుకోవడానికి ఆ మనిషి రాను కూడా రాలేదు. భార్య మీనాక్షి స్టేజి ఎక్కింది.

"శనివారం కదండీ, ఎడారికి వెళ్ళారు" అంది, తప్పు చేసినట్టు.

చాండ్లర్ తెలుగువాళ్ళలో ఎడారి ఫోటోలంటే ఒకప్పుడు గౌరీశంకర్ పేరే చెప్పేవారు. ఇంజనీరుగా రిటైరయ్యాక అతని వారాంతాలన్నీ అరిజోనా ఎడారిలోనే గడిచాయి. పొద్దుపొడుపు వెలుతురు కోసం కాక్టస్‌ల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఎదురుచూసేవాడు. అలాంటిది, మొన్నమొన్న చలి ఊరైన అరోరా నుంచి వచ్చిన ఒక ముసలి డాక్టర్ ఆ పేరు లాగేసుకున్నాడు.

"చలి పడటం లేదండీ, అందుకే ఇటొచ్చాం" అని తప్ప ఆ దంపతులు తమ గురించి ఇంకేమీ చెప్పేవారు కాదు.

యోగానంద్‌కి ఫోటోగ్రఫీలో ఓనమాలు రావని గౌరీశంకర్ నమ్మకం. ఎండ నిటారుగా పడే మిట్టమధ్యాహ్నం ఫోటోలు తీస్తాడు. ఎంత అందమైన చోటైనా ఒకసారి చూస్తే మళ్ళీ వెళ్ళడు. అయినా జనం అతని ఫోటోల ముందే నిలబడిపోతారు. పోటీ పెట్టే తెలుగు అసోసియేషన్ వాళ్ళే ఇంటికి వెళ్ళి, అడిగి మరీ తెచ్చుకుంటారు. ఈసారి గెలిచింది రాబందుల ఫోటో. గిరికీలు కొడుతున్న పక్షుల గుంపును సరిగ్గా కిందనుంచి తీసింది.

"అది చూస్తుంటే గుండె పట్టేసినట్టుంది" అంది కార్‌లో భార్య బిందుమాధవి.

"ఎక్స్‌పోజర్ కూడా సరిగ్గా లేదు" అన్నాడు గౌరీశంకర్.

మర్నాడు యోగానంద్‌కి ఫోన్ చేశాడు. "డాక్టర్ గారూ, వచ్చే శనివారం నేనూ మీతో రావచ్చా?"

ఆయన కాదంటాడనే అనుకున్నాడు గౌరీశంకర్. రహస్య స్థావరాలు ఎవడు చూపిస్తాడు?

"రండి శంకర్ గారూ. ఇంకో జత కళ్ళుంటే మంచిదే."

శనివారం యోగానంద్ డ్రైవ్ చేశాడు. కారు ఆపి, భుజాన కెమెరా వేసుకుని, రాళ్ళగుట్ట మీదకి నడిచాడు. గౌరీశంకర్ ఖరీదైన లెన్సు మోసుకుంటూ వెనకాల నడిచాడు.

గుట్ట మలుపులో గౌరీశంకర్ ఠక్కున ఆగిపోయాడు. రాతి గుంటలో నిలిచిన నీళ్ళు తాగుతోంది బాబ్‌క్యాట్. ఎడారి అడవిపిల్లి. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా అతను ఎప్పుడూ చూడలేదు. అది తలెత్తి వాళ్ళవైపు చూసింది కూడా.

యోగానంద్ దానివైపు ఒక్కసారి చూశాడు. తరవాత అటు తిరిగి, ఖాళీగా ఉన్న లోయను ఈ చివర నుంచి ఆ చివరదాకా ఫోటోలు తీశాడు.

గౌరీశంకర్ గబగబా కెమెరా ఎత్తాడు. పిల్లిని తీశాడు గానీ అన్నీ కదిలిపోయాయి. 'ఎంత పొగరు. ఇలాంటివి లెక్కలేనన్ని దొరికి ఉంటాయి, అందుకే లెక్కలేదు' అనుకున్నాడు. ఆ కడుపుమంట ముందు నెత్తిమీద ఎండ చల్లగా తోచింది.

అంతలో దూరంగా ఆకాశంలో రాబందులు తిరగడం మొదలుపెట్టాయి.

యోగానంద్ పరుగెత్తాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, రాళ్ళమీద, ముళ్ళ మధ్య పడుతూ లేస్తూ పరుగెత్తాడు. ఇంకో బహుమతి కొట్టేయబోతున్నాడని గౌరీశంకర్ కూడా రొప్పుతూ వెంటపడ్డాడు.

అక్కడ చచ్చిన జింక ఉంది.

యోగానంద్ దాన్ని చూసి ఒక బండ మీద కూలబడ్డాడు. రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కెమెరా ముట్టుకోలేదు.

గౌరీశంకర్ మాత్రం తీరిగ్గా గురిచూసి రాబందులను తీశాడు. ఈసారి ఒక్కటి కూడా కదల్లేదు. చాలాకాలం తరవాత అతని మనసు తేలికపడింది. వచ్చే ఉగాదికి ఎవరు గెలుస్తారో అప్పుడే తెలిసిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే యోగానంద్ కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఖాళీ లోయ ఫోటో తెరమీద పరుచుకుంది. దాన్ని పెద్దది చేసి, ఒక మూల నుంచి అంగుళం అంగుళం జరుపుతూ చూడసాగాడు.

మీనాక్షి మజ్జిగ గ్లాసు తెచ్చి గౌరీశంకర్‌కి ఇచ్చింది. గెలిచిన ఉత్సాహంలో ఉన్నాడేమో, అతను ఆగలేకపోయాడు.

"బాబ్‌క్యాట్‌ని వదిలేసి ఉత్త రాళ్ళు తీశారమ్మా మీవారు. రాబందుల్నీ వదిలేశారు. ఇప్పుడు చూడండి, ఆ రాళ్ళనే భూతద్దం పెట్టి చూస్తున్నారు. ఏముందమ్మా ఆ రాళ్ళలో?"

మీనాక్షి భర్త వీపు వైపు చూసింది. ఆయనకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"మా అమ్మాయి చరిత ఆ రాళ్ళలోకే హైకింగ్‌కని వెళ్ళింది అన్నయ్యగారూ, ఇంకా దొరకలేదు."