సెల్లార్‌లో చెమ్మ

అద్దెకిచ్చిన నాటకం దుస్తులు వెనక్కి వచ్చాయి. వాటితోపాటు ఒక మాటా వచ్చింది.

"మీ రాజుగారు సింహాసనం ఎక్కగానే మంత్రి ముక్కు మూసుకున్నాడమ్మా! ఇంకోసారి ఇలాగైతే మేం వేరేచోట చూసుకుంటాం," అన్నాడు నాటక సంస్థ మేనేజరు.

ఆవిడ మూట పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది. తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంది. రాజులు, పోలీసులు, దయ్యాలు అందరూ వరసగా హ్యాంగర్లకు వేలాడుతున్నారు. అందరి భుజాల మీదా బూజు.

నాటకాల దుస్తులు కుట్టి అద్దెకివ్వడం అక్కతో కలిసి మొదలుపెట్టిన పని. అక్క కత్తిరించేది, తను కుట్టేది. కబుర్లు మాత్రం ఇద్దరివీ. అక్క పోయాక ఇంట్లో మిషను చప్పుడొక్కటే మిగిలింది. సాయంత్రం ఎవరైనా ఫోన్ చేస్తే, పొద్దున్నుంచి వాడని గొంతు పెగిలేది కాదు.

గోడల చెమ్మ బాగుచేసే మేస్త్రిని పిలిపించింది. యాభై దాటిన మనిషి. గోడకు అరచెయ్యి ఆనించి చూశాడు.

"గోడకి జలుబు చేసిందమ్మా. వైద్యం చేద్దాం."

ఆవిడ చాలాకాలానికి నవ్వింది.

పెచ్చులు గీకాడు. పగుళ్ళు పూడ్చాడు. నీరు దిగని పూత పూశాడు. కిటికీకి గాలిని బయటికి లాగే ఫ్యాను బిగించాడు. వెళ్తూ వెళ్తూ, "పూచీ నాది. మళ్ళీ చెమ్మొస్తే కబురు పెట్టండి, ఊరికే వచ్చి చేస్తాను," అన్నాడు.

వాన పడింది. గోడ మళ్ళీ చెమర్చింది.

మేస్త్రి వచ్చి తల గోక్కున్నాడు. మళ్ళీ పూత పూశాడు. ఈసారి టీ తాగాడు. చిన్నప్పుడు నాటకంలో శవం వేషం వేసి, అందరూ ఏడుస్తుంటే తను తుమ్మిన సంగతి చెప్పాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాతి వానకీ అదే తంతు.

"ఇదెక్కడి మొండి గోడ చెల్లెమ్మా!"

"మీ ఇంట్లో ఎవరెవరుంటారన్నయ్యగారూ?" టీ అందిస్తూ అడిగింది.

"చాలామందిమి. నేనూ, రేడియో, గోడ గడియారం. అందులో మాట వినేవాడు మాత్రం నేనొక్కణ్ణే."

అప్పుడు మేనేజరు హెచ్చరిక గురించి చెప్పిందావిడ. ఇంకొక్కసారి వాసనొస్తే ఉన్న ఒక్క ఆధారమూ పోతుందని చెప్పింది. మేస్త్రి గ్లాసు కింద పెట్టేశాడు. ఆవిడ మొహంలోకి చూడలేదు.

"ఇంక రాదు చెల్లెమ్మా," అని మాత్రం అన్నాడు.

నిజంగానే రాలేదు. పెద్ద వాన కురిసినా గోడ ఎండిన రొట్టెలా పొడిగా ఉంది. దుస్తులు శుభ్రంగా వెళ్ళి శుభ్రంగా తిరిగొచ్చాయి. మేనేజరు మెచ్చుకున్నాడు. ఇల్లు మళ్ళీ మూగబోయింది.

ఒకరోజు ఆవిడ చెంబుతో నీళ్ళు తీసుకుని సెల్లార్‌లోకి దిగింది. గోడ ముందు నిలబడింది. చెయ్యి పైకి లేచింది. 'ఛీ, ఇదేం బుద్ధి!' అనుకుని, ఆ నీళ్ళు తనే గటగటా తాగేసి పైకొచ్చింది.

ఆగలేక ఫోన్ చేసింది. "ఒక్కసారి చూసి వెళ్ళండన్నయ్యగారూ."

మేస్త్రి వచ్చాడు. గోడను చాలాసేపు తడిమాడు. గది బోసిగా ఉండటం చూసి, "దుస్తులేవి?" అన్నాడు.

"పైన అక్క గదిలోకి మార్చేశాను. ఇక ఇక్కడ తడిసినా పాడయ్యేదేం లేదు."

"అలాగా." గోడ మీంచి చెయ్యి తీశాడు. "గోడకి రోగం కుదిరింది. ఇక నాతో పనిలేదు చెల్లెమ్మా."

"మంచిదేగా," అందావిడ.

పని లేకపోయినా వస్తుండండి అనబోయింది. ఏమనుకుంటాడోనని మింగేసింది. తలుపు వేసి, మిషను ముందు కూర్చుని, తొక్కకుండా అలాగే ఉండిపోయింది.

బయట మేస్త్రి పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు, అటూ ఇటూ చూశాడు, ఇంటి వెనక్కి వెళ్ళి, డాబా మీది వాననీళ్ళు దూరంగా పడేలా తనే మార్చిపెట్టిన గొట్టాన్ని మళ్ళీ సెల్లార్ గోడవైపు తిప్పాడు.