కందిగింజంత మాత్ర

భార్యకు తేలికైన వైద్యం దొరికిందంటే దెబ్బలాటకు దిగే మగమనిషి ఈ బెజవాడ మొత్తానికి తన మామగారొక్కరే అయ్యుంటారని రాజ్యశ్రీకి గట్టి నమ్మకం కుదిరింది. అదీ డాక్టరు గదిలో, తలకు తువ్వాలు చుట్టుకుని మరీ. ఏసీ పడదంటూ పొద్దుటి నుంచీ ఆ తువ్వాలు తియ్యలేదాయన.

"ఊపిరితిత్తుల కేన్సరుకి మాత్రా?" అన్నారు సాంబమూర్తి. "అదీ కందిగింజంత! మా పెడనలో పడిశం పడితేనే సెలైన్ ఎక్కిస్తారు డాక్టరుగారూ. మా ఆవిడకి కీమోనే పెట్టండి. మేం అన్నిటికీ సిద్ధపడే వచ్చాం."

డాక్టర్ హెలెన్ విసుక్కోలేదు. "పోయినసారి కీమో అన్నది నేనేనండీ. అప్పటికి ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు పూర్తిగా రాలేదు. ఇప్పుడొచ్చింది, జన్యువులో ఒక మార్పు కనపడింది. ఆ మార్పున్న కణాల మీదే పనిచేసే మాత్ర ఇది. కీమో కూడా మంచి మందే, ఈ మార్పు లేనివాళ్లకి అదే ఇస్తాం. కానీ ఈ వయసులో, ఇది సరిపడేవాళ్లకి ముందే అదెందుకు?"

"ఇంత జబ్బు అంత మాత్రకి లొంగుతుందంటే ఎవరు నమ్ముతారండీ?"

రాజ్యశ్రీ ఇక ఉండబట్టలేకపోయింది. "మావయ్యగారూ, నేతలో ఒక్క పోగు తేడా వస్తే ఆ పోగు తీస్తారా, చీరంతా కోసేస్తారా?"

మగ్గం గుంటలో వయసంతా గడిపిన మనిషి. తువ్వాలు ఇంకాస్త బిగించుకున్నారు.

అత్తగారు చౌడేశ్వరమ్మ, ఒళ్లో ఉన్న జడ కొస సవరించుకుంటూ ఒక్కటే అడిగింది. "జుట్టు ఊడుతుందా డాక్టరమ్మా?"

"కీమోలో ఊడినట్టు ఊడదండీ. ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, విరేచనాలు పట్టుకోవచ్చు. వాటికి మందులున్నాయి. జబ్బు పూర్తిగా పోతుందని మాటివ్వను. అదుపులో పెట్టడానికి మాత్రం మంచి దారే దొరికింది."

చౌడేశ్వరమ్మ రెండు చేతులూ జోడించింది. "నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ."

రాజ్యశ్రీ కళ్లు ఒత్తుకుంది. పక్కకి చూస్తే మామగారి మొహం వేలాడిపోయి ఉంది. మంచి కబురు విని దిగులుపడే మనిషిని చూడ్డం కూడా ఆమెకిదే మొదలు.

"ఇంకా ఏంటండీ మీ బాధ?" అంది చౌడేశ్వరమ్మ. "ఏసీలో కూర్చుని ఆ చెమటలేంటి? ముందది తియ్యండి" అంటూ తువ్వాలు లాగేసింది.

నున్నటి గుండు. రాసిన గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు.

సాంబమూర్తి నేలచూపులు చూశారు.

"తప్పు నాదేనే. నువ్వొక్కదానివే గుండుతో నలుగురిలో ఎలా తిరుగుతావని, పొద్దున్నే స్నానాల ఘాటుకెళ్లి నేనూ గీయించేసుకున్నాను. రిపోర్టు వచ్చేదాకా ఆగాల్సింది."